తలకిందుల రాణి ఎవరు? చదరంగం మీద మీ ప్రశ్నలు, మా జవాబులు

పోయిన నెల చివరి పేజీలో చిన్న చెస్ ప్రాబ్లమ్ ఒకటి వేసినాం గదా. నల్ల రాజు ఏ8లో (అక్షరం నిలువు వరసకు, అంకె అడ్డ వరసకు గుర్తు) ఒక్కడే, తెల్ల రాజు బీ6లో, తెల్ల బంటు ఏ6లో, ఏ1లో తలకిందులుగా ఒక రాణి బొమ్మ, తెల్లవాళ్ళు ఒక్క ఎత్తులో మేట్ చేయల్ల. దాని కింద "ఇది రాణి కాదు, మిడత" అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నాం. అంతే, కర్నూలు నుంచి కడప దాకా అందరూ దాని మీదే అడుగుతాండారు, కాబట్టి ఈసారి పేజీ మొత్తం మిడతకే.

ప్రశ్న: సార్, ఏ1లో ఉన్న ఆ రాణి బొమ్మ తలకిందులుగా ఎందుకుంది, ప్రింట్‌లో తిరగబడిందా? మిడత అంటే ఏంది, మేం ఇన్నేళ్ళు ఆడుతున్నాం ఎప్పుడూ వినలేదే. – డిగ్రీ స్టూడెంట్, ఆదోని

ప్రింట్ సరిగ్గానే ఉంది తమ్ముడూ, ఆ పావును అట్లనే వేస్తారు. మామూలు చదరంగంలో లేని పావులు బోలెడు ఉండాయి, వాటన్నిటినీ కలిపి ఫెయిరీ పావులు అంటారు, వాటిల్లో బాగా పేరు పడింది ఈ మిడత, ఇంగ్లీష్‌లో గ్రాస్‌హాపర్. దీన్ని 1913లో థామస్ రేనర్ డాసన్ అనే ఇంగ్లాండ్ ఆయన పుట్టించినాడు. ఆయన 1889లో పుట్టి 1951లో పోయినాడు, ఉద్యోగం రబ్బరు పరిశ్రమలో, మిగతా టైం అంతా చెస్ ప్రాబ్లమ్స్ కట్టడమే, ఫెయిరీ రకం ప్రాబ్లమ్సే 5,000కు పైగా కట్టినాడంటే చూడు. దానికోసం ఒక పత్రిక గూడా నడిపినాడు. అప్పట్లో కొత్త పావుకు కొత్త అచ్చు పోయించడం ఖర్చు గదా, ఉన్న రాణి అచ్చునే తిప్పి పెడితే పని అయిపోతాది, ఆ అలవాటే ఇప్పటికీ నిలబడింది. 2019లో కంప్యూటర్ అక్షరాల పట్టిక యూనికోడ్‌లోకి గూడా ఈ తిప్పిన పావుల గుర్తులు వచ్చినాయి.

ఇంక నడక. రాణి ఏ ఏ దిక్కులకు పోతాదో మిడత గూడా అవే ఎనిమిది దిక్కులకు చూస్తాది, నిలువు, అడ్డం, ఐమూల. కానీ ఊరికే జారిపోవడం దానికి రాదు. ఆ దిక్కులో మొదట తగిలే పావు ఏదో చూడల్ల, అది మనదైనా సరే ఎదుటోళ్ళదైనా సరే, ఎంత దూరంలో ఉన్నా సరే, దాని మీద నుంచి దూకి దాని వెనకనే ఆనుకొని ఉన్న గడిలో దిగల్ల. అంతకంటే ఒక్క గడి గూడా ముందుకు పోకూడదు. దిగే గడి ఖాళీగా ఉంటే దిగుతాది, ఎదుటోళ్ళ పావు ఉంటే దాన్ని కొట్టి దిగుతాది, మన పావే ఉంటే ఆ దిక్కు మూసుకుపోయినట్టే. దూకిన పావుకు ఏమీ కాదు, ఆడనే ఉంటాది. దూకేదానికి ఏమీ దొరకని దిక్కులో అసలు కదల్లేదు.

ఇప్పుడు మన ప్రాబ్లమ్‌కు రా. జవాబు ఏ6 బంటును ఏ7కు తోయడం. బంటు ఏ7కు చేరగానే ఏ1లో ఉన్న మిడతకు నిలువు వరసలో మొదట తగిలేది ఆ బంటే, దాని వెనక గడి ఏ8, ఆడ రాజు ఉండాడు, చెక్. బీ8ను బంటు కాపలా కాస్తాది, బీ7నూ ఏ7నూ తెల్ల రాజు చూసుకుంటాడు, ఇంక పోయేదానికి చోటు లేదు, మేట్.

నాకు ఈ ప్రాబ్లమ్ ఎందుకు ఇష్టమంటే, ఆ ఏ1లో మిడత బదులు నిజం రాణిని పెట్టి అదే ఎత్తు వేసి చూడండి, లేదా ఏనుగును పెట్టి చూడండి. బంటు ఏ7కు పోగానే వెనక ఉన్న రాణి దారిని మన బంటే మూసేస్తాది, చెక్ లేదు, నల్ల రాజుకు కదలడానికి గడి లేదు, స్టేల్‌మేట్, ఆట డ్రా. రాణితో బంగారం లాంటి గెలుపును పాడుచేసే ఎత్తు మిడతతో గెలిపిస్తాది. ఏనుగుకు, రాణికి అడ్డమొచ్చే పావు శత్రువు, మిడతకు అడ్డమొచ్చే పావే కాలు. ఈ ఒక్కటి మనసులో పెట్టుకుంటే కింద రాసేదంతా సులభంగా అర్థమైతాది.

ప్రశ్న: ఇది మా అవ్వ వాళ్ళు గుడి అరుగు మీద ఆడే పులిజూదం మాదిరే ఉంది గదా, దూకడం, కొట్టడం. దాన్నుంచే తీసుకున్నారా? – గృహిణి, జమ్మలమడుగు

దూకడం వరకూ ఒకటేనమ్మా, కొట్టడంలోనే తేడా. పులిజూదంలో పులి మేక మీద నుంచి దూకితే ఆ దూకిన మేకే పోతాది, దిగే చోటు మాత్రం ఖాళీగా ఉండల్ల. మిడత అట్ల కాదు, దూకినదాన్ని ముట్టుకోదు, దిగిన చోట ఉన్నదాన్ని కొడ్తాది. ఇంకోటి, పులి తన పక్కనే ఆనుకొని ఉన్న మేక మీదనే దూకుతాది, మిడత ఆరు గళ్ళ అవతల ఉన్న పావు మీద నుంచి గూడా దూకుతాది. దాన్నుంచే తీసుకున్నారని చెప్పేదానికి ఆధారం ఏమీ లేదు. కానీ ఒకటి నిజం, పులిజూదం ఆడి పెరిగినోళ్ళకు మిడత నడక చెస్ క్లాసులకు పోయే పిల్లోళ్ళకంటే తొందరగా ఎక్కుతాది, మూడు పులులు పదిహేను మేకల ఆటలో "వెనక గడి ఖాళీగా ఉందా" అని చూసే అలవాటు కంటికి పడిపోయి ఉంటాది గదా.

ప్రశ్న: అన్నా, హాస్టల్లో మేం రాణులు తీసేసి వాటి చోట క్యారమ్ కాయిన్స్ పెట్టి మిడతలు అనుకొని ఆడినాం. తెల్ల పావులతో ఆడినోడు రెండో ఎత్తుకే నా ఏనుగును కొట్టేసినాడు. ఇది రూల్ ప్రకారం కరెక్టేనా లేక మోసమా? రూమ్‌లో పెద్ద గొడవ అయింది. – ఇంజనీరింగ్ స్టూడెంట్, అనంతపురం

గొడవ ఆపండి నాయనా, మీ ఫ్రెండ్ చేసింది వంద శాతం కరెక్ట్. బోర్డు ముందర పెట్టుకొని చూడు.

ఆట మొదట్లో డీ1లో ఉన్న నిజం రాణికి ఒక్క ఎత్తు గూడా ఉండదు, చుట్టూ మనోళ్ళే. కానీ అదే చోట మిడత ఉంటే దానికి మూడు ఎత్తులు ఉంటాయి: సీ2 బంటు మీద నుంచి బీ3కి, డీ2 మీద నుంచి డీ3కి, ఈ2 మీద నుంచి ఎఫ్3కి. మీవాడు ఎఫ్3కి దూకుంటాడు. ఆడ నుంచి ఐమూలగా చూడు, ఈ4, డీ5, సీ6 ఖాళీ, బీ7లో నీ బంటు, దాని వెనక ఏ8లో నీ ఏనుగు. నీ బంటునే మెట్టు చేసుకొని నీ ఏనుగును కొట్టినాడు. పైగా ఏ8లో ఆ మిడతను తిరిగి కొట్టేదానికి నీకు ఏ పావూ లేదు, అది అక్కడ చిక్కుకుపోదు గూడా, ఏ7 మీద నుంచి ఏ6కో, బీ7 మీద నుంచి సీ6కో, లేకపోతే బీ8 గుర్రం మీద నుంచి దూకి సీ8లో బిషప్‌ను గూడా కొట్టుకొని పోతాది. మొత్తం దోపిడీ.

ఎఫ్3 నుంచి ఇంకో దెబ్బ గూడా ఉంది, నిలువుగా ఎఫ్7 బంటు మీద నుంచి ఎఫ్8 బిషప్ మీదికి. కానీ దానికి భయపడాల్సిన పని లేదు, నీ రాజు కొట్టొచ్చు, ఇంకా మేలైన దారి డీ8లో ఉన్న నీ మిడతది, అది పక్కనే ఉన్న సొంత రాజు మీద నుంచి దూకి ఎఫ్8లో దిగి కొడ్తాది, రాజు కదలకుండానే పని అయిపోతాది. నాకైతే ఈ ఎత్తు చూసినప్పుడల్లా నవ్వొస్తాది, రాజుగారి భుజం మీద కాలు పెట్టి దూకే పావు ఇంకోటి యాడుంది.

మరి ఏనుగును ఎట్ల కాపాడుకోవల్ల అంటావా, మొదటి జవాబుగానే బీ7 బంటును ముందుకు తోసెయ్, బీ6కో బీ5కో. ఇప్పుడు ఆ ఐమూలలో మొదట తగిలేది ఏనుగే, దాని వెనక గడే లేదు, బోర్డు అయిపోయింది, దూకేదానికి లేదు. చూడు, మామూలు ఆటలో ఏనుగు ముందర దారి తెరిస్తే ప్రమాదం, ఈడ తెరిస్తేనే రక్షణ.

బీ3కి దూకినా ఇట్లాంటిదే, బీ8 గుర్రం మీద, జీ8 గుర్రం మీద ఒకేసారి కన్ను పడతాది, నువ్వే బోర్డు మీద లెక్కేసుకో. ఇట్ల మొదటి ఎత్తు వేసినోడికి మరీ ఎక్కువ లాభం కాబట్టి ఊరికే రాణి స్థానంలో మిడతను పెట్టి ఆడితే ఆట రొంత ఏకపక్షం అయిపోతాది. మీ రూమ్‌లో ఆడుకోవాలంటే మొదటి ఐదు ఎత్తులూ మిడతతో కొట్టడం లేదు అని ముందే మాట్లాడుకోండి, లేదా మామూలుగా ఆడి బంటు చివరి వరసకు పోయినప్పుడు మిడతను గూడా తీసుకోవచ్చు అని పెట్టుకోండి. క్యారమ్ కాయిన్ ఐడియా బాగుంది, ప్లాస్టిక్ రాణిని నిజంగానే తలకిందులు పెడితే ఫ్యాన్ గాలికే పడిపోతాది.

ప్రశ్న: మిడత చెక్ పెడితే ఎట్ల తప్పించుకోవల్ల? మధ్యలో పావు పెడితే దాని మీద నుంచి దూకుతుంది గదా, అప్పుడు అడ్డం పెట్టి ఏం లాభం? – హైస్కూల్ టీచర్, ప్రొద్దుటూరు

మంచి ప్రశ్న సార్, మీ మాదిరే చాలామంది ఈడనే ఆగిపోతారు. లాభం ఉంది. తెల్ల మిడత ఈ1లో ఉంది, నల్ల రాజు ఈ8లో, నల్ల బిషప్ ఈ7లో, ఆ నిలువు వరసలో ఇంకేమీ లేదు అనుకోండి. మిడత బిషప్ మీద నుంచి దూకి రాజు గడిలో దిగొచ్చు కాబట్టి చెక్. ఇప్పుడు నల్లవాళ్ళు ఈ4లో ఏదో ఒక పావు పెడితే మిడతకు మొదట తగిలేది అదే, దాని వెనక ఈ5, అంతవరకే దూకుతాది, రాజు దాకా పోలేదు. చెక్ పోయింది. అంటే అడ్డం పెట్టడం పని చేస్తాది.

దీనికంటే విచిత్రమైన దారి ఇంకోటి ఉంది, ఈ7 బిషప్‌ను పక్కకు తీసేయడం. మెట్టు తీసేస్తే మిడత ఏం చేస్తాది, దాని ముందర రాజే మొదటి పావు అయిపోతాడు, రాజు మీద నుంచి దూకేదానికి వెనక గడి లేదు. మామూలు చెస్‌లో రాజు ముందర ఉన్న పావును కదిలిస్తే చెక్ పడతాది, కాబట్టి కదలనియ్యం, ఈడ కదిలిస్తేనే చెక్ పోతాది.

దీనికి తిరగేసిన రూపం గూడా ఉంది, అదే పిల్లోళ్ళకు ఎక్కువ తికమక. ఈ7 ఖాళీగా ఉండి, ఈ1లో తెల్ల మిడత, ఈ8లో నల్ల రాజు ఉన్నారనుకోండి. క్యాస్లింగ్‌కు (రాజు, ఏనుగు ఒకే ఎత్తులో కదలడం) ముందు అందరూ చేసే పని బిషప్‌ను ఈ7లో పెట్టడం గదా, ఈ పొజిషన్‌లో అది కుదరదు, పెట్టిన క్షణమే మన రాజుకు మనమే చెక్ తెచ్చుకున్నట్టు. ఖాళీ గడి, ఏ పావూ దాన్ని కాపలా కాయడం లేదు, అయినా అందులోకి పోకూడదు. ప్రాబ్లమ్ కట్టేవాళ్ళు మిడతను వదలకుండా పట్టుకున్నది ఇట్లాంటి మెలికల కోసమే. నా అభిప్రాయం అడిగితే మిడత ఆడేదానికి పుట్టిన పావు కాదు, ప్రాబ్లమ్స్ కోసం పుట్టిన పావు. ఆడేటప్పుడు దాని బలం నిమిషానికో రకంగా మారతాది, బోర్డు నిండా పావులున్నప్పుడు పెద్ద రౌడీ, పావులు తగ్గేకొద్దీ మూలన కూర్చునే ముసలాయన. దాని విలువ ఎంత, ఎన్ని బంట్లకు సమానం అని ఒక అంకె చెప్పమంటే నేను చెప్పను, చెప్పినా దానికి అర్థం లేదు.

ప్రశ్న: రాజు, మిడత మిగిలి ఎదుటోడికి రాజు ఒక్కడే ఉంటే గెలవొచ్చా? – తాడిపత్రి

గెలవడం అటుంచు, చెక్ గూడా పెట్టలేవు. మిడత చెక్ పెట్టాలంటే ఎదుటి రాజును ఆనుకొని ఒక మెట్టు ఉండల్ల. బోర్డు మీద నీ దగ్గర మెట్టుగా మిగిలింది నీ రాజు ఒక్కడే, రాజులిద్దరూ పక్క పక్క గళ్ళలో నిలబడకూడదు. ఆట డ్రా, అంతే. రెండు మిడతలు ఉంటే మాత్రం ఒకదానికి ఇంకోటి మెట్టు అవుతాది, చెక్ అయినా వస్తాది.

ప్రశ్న: మా బాబు రేటింగ్ టోర్నమెంట్లకు ఆడుతున్నాడు. ఈ మిడతలు గిడతలు నేర్చుకుంటే అసలు ఆట చెడిపోదా? కోచ్ వద్దంటున్నాడు. – నంద్యాల

కోచ్ మాట కాదనమని నేను చెప్పను సార్. టోర్నమెంట్‌కు వారం ముందు అయితే నేనూ వద్దనే అంటాను, కన్ను మామూలు నడకకే అలవాటు పడి ఉండల్ల ఆ టైంలో. సెలవుల్లో అయితే చెడేదేమీ లేదు, గంట సేపు ఇట్లాంటి ప్రాబ్లమ్ మీద కూర్చుంటే ప్రతి ఎత్తుకూ "ఇప్పుడు ఏ వరస తెరుచుకుంది, ఏది మూసుకుంది" అని అడిగి చూసే పని తప్పదు. రేటింగ్ మాత్రం దీంతో ఒక్క పాయింట్ గూడా రాదు, ఆ ఆశ పెట్టుకోవద్దు. ప్రాబ్లమ్ సాల్వింగ్‌కు ప్రపంచ ఛాంపియన్‌షిప్ వేరే ఉంది, అందులో గూడా అన్నీ మామూలు పావులే, ఫెయిరీ పావులు ఉండవు. కట్టేవాళ్ళకు మాత్రం ఫిడే ఆల్బమ్ అని మంచి ప్రాబ్లమ్స్‌ను ఏరి వేసే సంకలనాలు వస్తాయి, వాటిల్లో ఫెయిరీకి ప్రత్యేకంగా ఒక విభాగమే ఉంది.

ప్రశ్న: మిడత లాంటివి ఇంకా ఏమేం ఉన్నాయి? లిచెస్ వెబ్‌సైట్‌లో ఆడొచ్చా? – ధర్మవరం

లిచెస్‌లో వేరియంట్లు చాలానే ఉన్నాయి గానీ, క్రేజీహౌస్, అటామిక్, కింగ్ ఆఫ్ ది హిల్, అన్నీ మామూలు పావులతోనే, రూల్స్ మాత్రమే మారతాయి. మిడత దొరకదు.

దూకి కొట్టే పావుల్లో మిడత కంటే శానా పాతది, ఇప్పటికీ కోట్లమంది నిజంగా ఆడుతున్నది, చైనా చదరంగంలోని ఫిరంగి. మామూలుగా నడిచేటప్పుడు ఏనుగు మాదిరి జారుతాది, కొట్టేటప్పుడు మాత్రం మధ్యలో సరిగ్గా ఒకే ఒక పావు ఉండల్ల, దాని మీద నుంచి పోయి అవతల ఎంత దూరంలో ఉన్నదాన్నయినా కొడ్తాది. ఒక్కో వైపు రెండేసి ఉంటాయి. ఆడే పావుగా చూస్తే మిడత కంటే ఇదే మేలు అంటాను, పావులు తగ్గినా కనీసం నడవనైనా నడుస్తాది.

డాసనే 1925లో నైట్‌రైడర్ అని ఇంకోటి తెచ్చినాడు, గుర్రం ఒకే దిక్కుకు వరసగా దూకుతూ పోవడం, ఏ1 నుంచి బీ3, సీ5, డీ7, మధ్యలో దిగే గళ్ళు ఖాళీగా ఉంటే చాలు. దానికి గుర్తు తిప్పిన గుర్రం. దానికి ఇంగ్లీష్ ఎన్ అక్షరం ఇచ్చేసినారు కాబట్టి ప్రాబ్లమ్ పుస్తకాల్లో మామూలు గుర్రాన్ని ఎస్ అని రాస్తారు, అది చూసి కంగారు పడొద్దు. అమెజాన్ అంటే రాణి, గుర్రం రెండూ ఒకే పావులో, ఎంత బలమంటే సొంత రాజు సాయం లేకుండానే ఒంటరి రాజుకు మేట్ చేస్తాది, అంత బలం ఉన్నదాంట్లో మజా ఏముంది. దానికి పూర్తి వ్యతిరేకం పాతకాలం పర్షియన్, అరబ్ ఆటలోని ఏనుగు (మూలలో నిలబడే మన ఏనుగు కాదు, వేరే పావు), ఐమూలగా సరిగ్గా రెండు గళ్ళు దూకుతాది, జన్మంతా తిరిగినా 64 గళ్ళలో 8 గళ్ళకు మించి చూడలేదు.

ప్రశ్న: మిడతతో నేనే ఒక ప్రాబ్లమ్ కట్టినాను. అందులో రెండు జవాబులు రాకుండా ఎట్ల చెక్ చేసుకోవల్ల? ఈ నెలకు గూడా ఒక ప్రాబ్లమ్ ఇవ్వండి. – బ్యాంకు ఉద్యోగి, కర్నూలు

పొపాయ్ అని ఫ్రీ ప్రోగ్రామ్ ఉంది సార్, ఫెయిరీ ప్రాబ్లమ్స్‌ను పరీక్షించేదానికే చేసింది, కంప్యూటర్‌లో పొజిషన్ టైప్ చేసి, మిడతకు ఇంగ్లీష్ జీ అక్షరం పెట్టి, ఎన్ని ఎత్తుల్లో మేటో చెబితే ఉన్న జవాబులన్నీ రాసి పెడ్తాది. చూసేదానికి అందంగా ఏమీ ఉండదు, అంతా అక్షరాలే. రెండో జవాబు దొరికితే దాన్ని ప్రాబ్లమ్ వాళ్ళు కుక్ అంటారు, ఒక బంటును అటో ఇటో జరిపి మళ్ళీ పరీక్షించండి. అయిపోయినాక మాకు పంపండి, బాగుంటే వేస్తాం.

ఈ నెల ప్రాబ్లమ్: తెల్ల రాజు సీ7, తెల్ల మిడత ఎఫ్1, తెల్ల గుర్రం బీ1, తెల్ల బంటు బీ5. నల్ల రాజు ఏ8, నల్ల బంటు ఏ7. తెల్లవాళ్ళు ఒక ఎత్తులో మేట్ చేయల్ల. మిడత చెక్ పెట్టేదానికి రెండు గళ్ళు ఉండాయి, ఒకదాంట్లో దిగితే నల్ల బంటు తప్పించుకునే దారి చూపిస్తాది, ఇంకోదాంట్లో చూపించలేదు. ఏది, ఎందుకు అనేది ఒక కార్డు మీద రాసి పంపండి, ఊరు పేరు మర్చిపోవద్దు.